చర్చిల్ బొమ్మ చేతికి గీతలు ఎన్ని వేయాలి? ఇప్పటికే ఒక సెట్ పాడుచేశాను

రాణీగంజ్ ప్రింటర్:

అందరికీ నమస్కారం. నాది సికింద్రాబాద్‌లో చిన్న యూవీ ప్రింటింగ్ షాపు. పెన్నులు, కీచైన్లు, ఫోన్ కవర్లు, గృహప్రవేశాలకి ఇచ్చే రిటర్న్ గిఫ్ట్ డబ్బాలు, ఇవే నా రోజువారీ పని. బొమ్మల పిచ్చి నాకు లేదు. అది మా అక్క కొడుక్కి ఉంది. వాడిది తొమ్మిదో తరగతి. సోషల్ ప్రాజెక్టుకి రెండో ప్రపంచ యుద్ధంలో జరిగిన 1943 టెహరాన్ సమావేశం తీసుకున్నాడు. స్టాలిన్, రూజ్‌వెల్ట్, చర్చిల్ ముగ్గురూ వరండాలో కుర్చీలేసుకుని కూర్చున్న ఫోటో ఉంటుంది కదా, దాన్ని లెగో మనుషులతో, అదే ప్లాస్టిక్ ఇటుకల ఆటలో వచ్చే చిన్న బొమ్మలతో, చేస్తాడట. "మామయ్యా, నీ దగ్గర మిషన్ ఉందిగా" అన్నాడు. పక్కనే వాళ్లమ్మ నిలబడి నా మొహం చూస్తోంది. ఇంకేం అంటాను?

రూజ్‌వెల్ట్‌తో ఇబ్బంది లేదు. సూటూ టైయే కాబట్టి పదిహేను నిమిషాల్లో డిజైన్ అయిపోయింది. చర్చిల్ కూడా అంతేలే, నల్ల కోటు, బో టై, టోపీ, నోట్లో చుట్ట, అనుకున్నాను. వాడు ఫోటో చూపించాడు. ఆయన మిలిటరీ డ్రెస్సులో ఉన్నాడు! "ప్రధానమంత్రికి యూనిఫాం ఏంటిరా?" అంటే వాడికీ తెలీదు. "ఎయిర్ ఫోర్స్ డ్రెస్ అని మా టీచర్ చెప్పారు" అన్నాడు, అంతే.

ఎయిర్ ఫోర్స్ అనగానే నా బుర్రలోకి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కనిపించే పైలట్లు వచ్చారు. కోటు చేతుల చివర నాలుగు బంగారు గీతలు. ఫోటో చూస్తే నలుపు తెలుపు, పైగా చేతులు మడతల్లో ఉన్నాయి. సరే అని కోరల్‌డ్రాలో ముదురు నీలం కోటు గీసి, నాలుగు బంగారు గీతలు వేసి, ఛాతీ మీద రెక్కల బ్యాడ్జి పెట్టాను. అక్రిలిక్ షీటులో జిగ్ (బొమ్మలు కదలకుండా పట్టే చట్రం) కట్ చేయించి, బొమ్మల మొండేలు ఆరు వరుసగా బిగించి కొట్టాను. ఆ మొండెం కింద చూస్తే ఒకటిన్నర సెంటీమీటర్ కంటే కాస్త ఎక్కువ వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. పెన్ను మీద పేరు కొట్టినవాడికి ఇది పెద్ద కష్టం కాదు. కింద తెలుపు ఇంకు, పైన రంగులు, ఆపైన వార్నిష్. చూడ్డానికి బాగానే వచ్చింది.

రెండు దెబ్బలు తగిలాయి. ఒకటి, చేతులు. అవి గుండ్రంగా ఉంటాయి కదా, అంచులకి వచ్చేసరికి ఇంకు చల్లినట్టయిపోయి నాలుగు గీతలూ కలిసి పసుపు మరకలా తయారయ్యాయి. రెండు, సెల్లో టేపు అంటించి లాగి చూస్తే ఒక మొండెం మీద బటన్లన్నీ టేపుకి వచ్చేశాయి. ఈ నీలం మొండేలు ఒక ఆన్‌లైన్ షాపులో కొన్నాను. ఒరిజినల్ అని రాశారు. వచ్చినవి చూస్తే మెడ దగ్గర లెగో అనే అక్షరాలు లేవు, ప్లాస్టిక్ కూడా పల్చగా, నూనె రాసినట్టు జారుతోంది. వాపసుకి పెడితే ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు.

ఇంతలో మావాడు ఇంటర్నెట్‌లో ఇంకో ఫోటో చూసి "మామయ్యా, రెక్కలు ఇటు కాదు, అటు" అన్నాడు. ఒక ఫోటోలో ఎడమ ఛాతీ మీద ఉన్నాయి, ఇంకోదాంట్లో కుడి ఛాతీ మీద. రంగులద్దిన ఫోటోల్లో అయితే కోటు ఒకదాంట్లో నేవీ బ్లూ, ఒకదాంట్లో బూడిద రంగు. ఎవరిని నమ్మాలి?

కాబట్టి తెలిసినవాళ్లు చెప్పండి. చేతి గీతలు నాలుగేనా? రెక్కలు ఎటువైపు? కోటు అసలు రంగు ఏంటి? అన్నిటికంటే ముందు, ప్రధానమంత్రి ఈ డ్రెస్ ఎందుకు వేసుకున్నాడు? మావాడు ప్రాజెక్టు చూపించేటప్పుడు ఎవరైనా ఆ ప్రశ్న వేస్తే నోరు తెరవాల్సి వస్తుంది. ప్రాజెక్టు ఇవ్వడానికి ఇంకా పన్నెండు రోజులుంది.

పాత నీలం డ్రెస్సు:

తమ్ముడూ, నేను ఎయిర్ ఫోర్స్‌లో వారెంట్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు అల్వాల్‌లో ఉంటున్నాను. నాలుగు బంగారు గీతలు విమానం కంపెనీల పైలట్లవి, నేవీ వాళ్లవి. చర్చిల్‌కి అవి తగిలిస్తే ఆయన ప్రయాణికులకి సీటు బెల్టు పెట్టుకోమని చెప్పేలా ఉంటాడు.

ఆయన ర్యాంకు ఎయిర్ కమోడోర్. ఆ ర్యాంకుకి గీతలు లెక్కపెట్టే పనే లేదు, ఒక్కటే వెడల్పు పట్టీ. బంగారు రంగు కాదు. నల్ల పట్టీ మీద దానికంటే కొంచెం తక్కువ వెడల్పుతో లేత నీలం పట్టీ, రెండు వైపులా నలుపు అంచు సన్నగా కనిపిస్తుంది. మన ఎయిర్ ఫోర్స్‌కి ర్యాంకు పట్టీల పద్ధతి బ్రిటిష్ వాళ్ల నుంచే వచ్చింది, ఇప్పటికీ మన ఎయిర్ కమోడోర్‌కి ఆ ఒక్క వెడల్పు పట్టీయే. హకీంపేటలో పనిచేసిన రోజుల్లో దూరం నుంచి ఆ పట్టీ కనిపిస్తే చాలు, మేము చేతిలో టీ గ్లాసు ఎక్కడ దాచాలా అని చూసేవాళ్లం.

టోపీ మర్చిపోకు. టోపీ ముందు అంచు మీద బంగారు ఓక్ ఆకులు రెండు వరుసలు ఉండాలి. దాని కింది ర్యాంకు గ్రూప్ కెప్టెన్‌కి ఒక వరుస, ఎయిర్ కమోడోర్ నుంచి పైకి రెండు. నీ సైజులో ఆకులు ఎలాగూ రావు, రెండు వంకర గీతలు వేస్తే చాలు. ఒకటి మాత్రం వేయకు. తెలిసినవాడు ముందు చూసేది అక్కడే.

రెక్కలు ఎడమ ఛాతీ మీద, జేబు పైన, మెడల్ రిబ్బన్లకి కూడా పైన. అంటే బొమ్మని ఎదురుగా చూసేవాడికి కుడివైపు. మీవాడు చూసిన రెండో ఫోటో ఎవరో అద్దంలో తిప్పినట్టు తిప్పేశారు. కనిపెట్టడం తేలిక. మగవాళ్ల కోటుకి ఎడమ అంచు పైకి వస్తుంది, కాజాలు ఎడమవైపు, గుండీలు కుడివైపు. ఫోటోలో అది తారుమారుగా ఉంటే ఫోటోయే తారుమారు. ఏ టైలర్‌ని అడిగినా చెబుతాడు.

ఇక నీ అసలు ప్రశ్న. ఆయన పైలట్ కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, నేవీ మంత్రిగా ఉన్నప్పుడు విమానం నడపడం నేర్చుకున్నాడు. అప్పటి విమానాలు ఎన్ని కూలేవో తెలుసు కదా. భార్య బతిమాలితే లైసెన్సు రాకముందే మానేశాడు. తర్వాత యుద్ధం అయ్యాక కొన్నాళ్లు విమాన దళం మంత్రిగా చేశాడు. 1939లో ఆయనకి 615 స్క్వాడ్రన్‌కి (స్క్వాడ్రన్ అంటే ఎయిర్ ఫోర్స్‌లో విమానాల జట్టు) గౌరవ ఎయిర్ కమోడోర్ పదవి ఇచ్చారు. అది ఇంగ్లండ్‌లోని సర్రే జిల్లా పేరుతో ఉన్న సహాయక దళం స్క్వాడ్రన్. మన దగ్గర క్రికెటర్లకి, సినిమా హీరోలకి గౌరవ ర్యాంకులు ఇస్తారే, అలాంటిదే అనుకో. 1943 ఏప్రిల్‌లో, రాయల్ ఎయిర్ ఫోర్స్‌కి పాతికేళ్లు నిండినప్పుడు, రెక్కలు కూడా గౌరవంగా ఇచ్చారు. టెహరాన్ సమావేశం అదే ఏడాది నవంబరు 28 నుంచి డిసెంబరు 1 దాకా. అంటే ఆ ఫోటోలో రెక్కలు ఉండటం సరైనదే. కానీ మీవాడు రేపు 1940 చర్చిల్‌ని ఇదే డ్రెస్సులో చేస్తే రెక్కలు తీసేయాలి.

ఎందుకు వేసుకున్నాడంటే, నా ఉద్దేశం చెబుతాను. డ్రెస్సులంటే ఆయనకి సరదా. 1941లో అట్లాంటిక్‌లో ఓడ మీద రూజ్‌వెల్ట్‌ని కలిసినప్పుడు ఓడ వాళ్ల నీలం డ్రెస్సు, 1945లో యాల్టా సమావేశంలో ఆర్మీ కల్నల్ డ్రెస్సు. ఇంకోటి, టెహరాన్‌లో ఎదురుగా కూర్చున్న స్టాలిన్ ఆ మార్చిలోనే మార్షల్ అయి కొత్త యూనిఫాంలో వచ్చాడు. ఆయన పక్కన మామూలు కోటులో కూర్చోవడం ఈయనకి నచ్చి ఉండదు. రూజ్‌వెల్ట్‌కి ఆ బాధ లేదు.

రిబ్బన్ల గురించి టెన్షన్ పడకు, ఆ సైజులో రంగురంగుల చుక్కలే. కాకపోతే మీవాడికి ఒక మాట చెప్పు. ఆ వరుసలో ఒకటి అప్పటి మన దేశంలో సంపాదించినదే. 1897లో మలకండ్ (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది) యుద్ధానికి ఇచ్చిన ఇండియా మెడల్, ముదురు ఎరుపులో రెండు ఆకుపచ్చ గీతలు.

రాణీగంజ్ ప్రింటర్:

సార్, మీకు చాలా థాంక్స్. ఒక్కటే పట్టీ అని చదవగానే ప్రాణం లేచొచ్చింది. నాలుగు సన్నని గీతలకి నా మిషన్ చేతులెత్తేసింది, ఒక పట్టీ అయితే ఎలాగోలా తంటాలు పడొచ్చు. లెక్క వేసి చూశాను. బొమ్మ ఎత్తు నాలుగు సెంటీమీటర్లు. చర్చిల్ అయిదడుగుల ఆరంగుళాలు, అంటే 168 సెంటీమీటర్లు అనుకుంటే నలభై రెండో వంతు. మీరు చెప్పిన పట్టీ అసలు కోటు మీద దాదాపు రెండంగుళాలు ఉంటుందని ఒకచోట చూశాను. బొమ్మ మీద అది 1.2 మిల్లీమీటర్లు. 0.15 మిల్లీమీటర్ల కంటే సన్నని గీత నా మిషన్‌లో తెగిపోతుంది కాబట్టి పక్కన నల్ల అంచు అంతకంటే సన్నం కాకుండా చూసుకోవాలి.

రెక్కలు కుడి ఛాతీ మీద పెట్టిన ఆ మొండేలు ఇప్పుడు టేబుల్ మీదే ఉన్నాయి. మా షాపు కుర్రాడు వాటిని చూసి "ఇవి అద్దంలో చర్చిల్‌వా సార్?" అంటున్నాడు.

ఇటుకల పిచ్చి:

అన్నా, నేను బెంగళూరులో ఉంటాను, పదేళ్లుగా ఈ బొమ్మలే. ముందు ఒక విషయం. లెగో కంపెనీ వాళ్లు ఈ కాలపు యుద్ధాల సెట్లు చేయకూడదని పెట్టుకున్నారు. 2020లో ఒక సైనిక విమానం సెట్ షాపుల్లోకి రాబోతుంటే చివరి నిమిషంలో ఆపేశారు కూడా. అందుకే చర్చిల్ కావాలంటే మనలాంటోళ్లు చేసుకోవాల్సిందే. ఇంట్లో చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. షాపులో పెట్టి లెగో అనే పేరుతో అమ్మకండి. ఆ బొమ్మ ఆకారానికే యూరప్‌లో ట్రేడ్‌మార్క్ ఉంది, 2015లో కోర్టు కూడా దాన్ని నిలబెట్టింది.

రంగు సంగతి. రాయల్ ఎయిర్ ఫోర్స్ కోటు నేవీ బ్లూ కాదు, బూడిద కలిసిన నీలం. లెగో రంగుల్లో ముదురు నీలం తీసుకుంటే నేవీ వాడైపోతాడు. ముదురు బూడిద తీసుకుంటే జర్మన్ ఆఫీసరు అనుకుంటారు, అది ఇంకా ఘోరం. నేనైతే శాండ్ బ్లూ అనే రంగు వాడతాను. అది కొంచెం లేత, అందుకని మడతల దగ్గర, బెల్టు కింద ముదురు నీలం నీడ పల్చగా ప్రింట్ చేస్తాను. రెండడుగుల దూరం నుంచి చూస్తే సరిగ్గా అదే రంగు అనిపిస్తుంది. మొండెం, చేతులు, కాళ్లు మూడూ ఒకే రంగులో దొరకాలి, అక్కడే తిప్పలు. విడివిడిగా కొంటే మొండెం ఒకరి దగ్గర, చేతులు ఒకరి దగ్గర.

ఇంకు ఊడటం. లెగో ప్లాస్టిక్ ఏబీఎస్ అనే గట్టి రకం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ తడిపి తుడిచి, ఆరాక, యూవీ ఇంకులకి వాడే ప్రైమర్ పల్చగా ఒక పూత వేసి కొట్టండి. పాత ప్రింటు తీయాలంటే థిన్నర్ గానీ గోళ్ల రంగు తీసే అసిటోన్ గానీ దగ్గరికి తీసుకురావద్దు, ప్లాస్టిక్ కరిగి జిగురైపోతుంది. ఇత్తడి సామాను తోమే పాలిష్ ఉంటుంది కదా, దాన్ని దూదితో రుద్దితే ప్రింటు మెల్లగా పోతుంది. చేతి నొప్పి మాత్రం మీదే. ఆ అద్దంలో చర్చిల్‌లని అలా కాపాడుకోవచ్చు, కానీ ఆ పల్చటి నకిలీ ప్లాస్టిక్‌కి అంత కష్టం దండగ.

చేతులకి మిషన్ వాడకండి. ఇంకు చల్లే హెడ్‌కీ వస్తువుకీ మధ్య దూరం పెరిగితే ఇంకు చెదురుతుందని నాకంటే మీకే తెలుసు. నీటిలో నానబెట్టి అంటించే డెకాల్ పేపర్ తీసుకోండి. ఇళ్లలో వాడే ప్రింటర్లలో తెలుపు ఇంకు ఉండదు. పారదర్శకం పేపర్ మీద లేత నీలం కొట్టి ముదురు చేతి మీద అంటిస్తే మాయమైపోతుంది. మొదటిసారి నేను చేసిన తప్పు అదే, అరగంట తర్వాత గానీ పట్టీ ఎక్కడుందో తెలీలేదు. తెలుపు డెకాల్ పేపర్ మీద నలుపూ నీలం కలిపి కొట్టి, 1.5 మిల్లీమీటర్ల పట్టీలుగా బ్లేడుతో కోసి, చేతి చుట్టూ చుట్టండి. మీ మిషన్‌లో తెలుపు ఇంకు ఎలాగూ ఉంది కాబట్టి మీరు పారదర్శకం పేపర్ మీదే కొట్టుకోవచ్చు, మాకు లేని అదృష్టం. పట్టీని మెత్తబరిచే ద్రావణం హాబీ షాపుల్లో దొరుకుతుంది, ఒక చుక్క వేస్తే వంపు మీద అతుక్కుపోతుంది. చేతుల్ని మొండెం నుంచి పదేపదే లాగొద్దు, వదులైపోయి వేలాడతాయి.

లావు గురించి మీవాడు ఇంకా అడగలేదా? అడుగుతాడు. లెగో మనిషికి పొట్ట రాదు. బెల్టుని కొంచెం పైకి వేసి, దాని కింద కోటు బయటికి తన్నుకొచ్చినట్టు రెండు వంపు గీతలు గీస్తే ఉన్నట్టు అనిపిస్తుంది. మొహానికి ఆ ప్రసిద్ధమైన చిరాకు చూపు వేయండి. 1941 డిసెంబరులో ఒట్టావాలో ఫోటో తీసేటాయన నోట్లోంచి చుట్ట లాగేసి క్లిక్ చేశాడు, ఆ చిరాకు అందుకే. చుట్ట ముక్క మాత్రం ఎక్కడా సరైనది దొరకదు.

రూజ్‌వెల్ట్‌ని కుర్చీలో కూర్చోబెడతారు సరే. ఆయనకి 1921 నుంచి కాళ్లు పనిచేయవు. లెగోలో చక్రాల కుర్చీ 2016లో వచ్చింది. ఫోటోలో అది కనిపించదు కాబట్టి వరండా స్తంభం వెనక పెట్టమనండి.

విశాఖ టీచరమ్మ:

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. పట్టీలూ ఓక్ ఆకులూ చదువుతుంటే సరదాగానే ఉంది, కానీ ఒక మాట అడగకుండా ఉండలేను. 1943 నవంబరు అంటే మనకి ఇంకో సంగతి కూడా గుర్తుకు రావాలి. అదే శీతాకాలంలో బెంగాల్లో మనుషులు తిండిలేక కలకత్తా పేవ్‌మెంట్ల మీద చనిపోయారు. ఆ కరువులో పోయినవాళ్లు ఇరవై నుంచి ముప్పై లక్షల మందికి పైనే అని చరిత్రకారుల అంచనాలు. ఇక్కడికి తిండిగింజల ఓడలు పంపే విషయంలో చర్చిల్ మంత్రివర్గం ఎలా ప్రవర్తించిందన్న దాని మీద ఇప్పటికీ వాదాలు నడుస్తున్నాయి. నేను మా పిల్లలకి రెండు వైపులా చెబుతాను, ఆ తర్వాత నా అభిప్రాయం కూడా చెబుతాను, అది ఆయనకి అనుకూలం కాదు.

మా ఊరికి యుద్ధం దూరం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. రంగూన్‌లో పనిచేసే మన వాళ్లు అదే ఏడాది ఇళ్లూ వాకిళ్లూ వదిలి వచ్చారు, చాలామంది అడవుల్లో నడుచుకుంటూ. మా నాన్నమ్మ వాళ్ల పెదనాన్న అలా వచ్చిన మనిషే. బర్మా బియ్యం ఆగిపోవడం బెంగాల్ కరువుకి ఒక కారణం.

బొమ్మ చేయొద్దని నేను అనడం లేదండి. చేయండి, రెండు వరుసల ఆకులతోనే చేయండి. తొమ్మిదో తరగతి పిల్లాడు ఒక మనిషి బొమ్మని ఇంత శ్రద్ధగా చేస్తే చూసే పిల్లలందరికీ ఆయన హీరో అయిపోతాడు. ఆ ఒక్క విషయం ఆలోచించమంటున్నాను.

పాత నీలం డ్రెస్సు:

టీచర్ గారు చెప్పినదాంట్లో కాదనడానికి ఏమీ లేదు. నేను యూనిఫాం వరకే మాట్లాడాను, మనిషి గురించి కాదు.

తమ్ముడూ, మీవాడికి సికింద్రాబాద్‌తో లింకు కావాలంటే ఉంది. చర్చిల్ 1896లో ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల లెఫ్టినెంట్‌గా బెంగళూరుకి వచ్చాడు. ఇండియాలో దిగి రెండు నెలలు కూడా కాకముందే వాళ్ల గుర్రపు దళం రెజిమెంట్, 4వ హుస్సార్లు, మన దగ్గరికొచ్చి పోలో ఆడి గోల్కొండ కప్పు పట్టుకుపోయారు. ఇక్కడి గోల్కొండ జట్టంటే అప్పట్లో హడల్, దాన్ని ఓడించారు. బెంగళూరు క్లబ్బులో ఆయన కట్టకుండా పోయిన పదమూడు రూపాయల బాకీ లెడ్జరు ఇప్పటికీ ఉంది. బెంగళూరు తమ్ముడికి తెలిసే ఉంటుంది.

ఇంకోటి, నాకు ఇష్టమైనది. బ్రిటిష్ వాళ్ల ఎయిర్ ఫోర్స్‌లో హైదరాబాద్ పేరుతో స్క్వాడ్రన్లు ఉండేవి. మొదటి యుద్ధంలో నిజాం డబ్బుతో విమానాలు కొన్నది 110వది. రెండో యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ ఓడల మీద బాంబులు వేసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. 152, 253 స్క్వాడ్రన్లు కూడా హైదరాబాద్ పేరుతోనే. 152 వాళ్ల బ్యాడ్జి మీద గద్దా లేదు, సింహమూ లేదు. నిజాం తలపాగా ఉంది! దాన్ని పెట్టుకుని ఇంగ్లండ్ మీద స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు నడిపారు. నీకు ఎప్పుడైనా పని తక్కువైతే ఆ బ్యాడ్జి ఒకటి కీచైన్ మీద కొట్టి నాకు ఇవ్వు, డబ్బులిస్తాను.

రాణీగంజ్ ప్రింటర్:

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నాను, మూఢం అయిపోయి ముహూర్తాలు మొదలయ్యాయి, షాపులో నిలబడే తీరిక లేదు. పని అయిపోయింది, నిన్న స్కూలుకి పట్టుకెళ్లాడు.

శాండ్ బ్లూ మొండేలు ఈసారి చేత్తో పట్టి చూసి, మెడ దగ్గర అక్షరాలు చూసి కొన్నాను. ప్రైమర్ వేశాక సెల్లో టేపు మూడుసార్లు లాగినా ఒక్క చుక్క రాలేదు. నీడ ముందు ఎక్కువై కోటు తడిసినట్టు కనిపించింది, సగానికి తగ్గించాక కుదిరింది. పొట్ట వచ్చింది. మా కుర్రాడు కూడా "పొట్ట ఉంది సార్" అన్నాడు, వాడు అబద్ధం చెప్పడు.

చేతి పట్టీలు ఇటుకల పిచ్చి తమ్ముడు చెప్పినట్టే, నా మిషన్‌లో తెలుపు వేసి డెకాల్ మీద కొట్టాను. మొదటి నాలుగు బ్లేడు కింద చినిగిపోయాయి. అయిదోది అతుక్కుంది. కళ్లద్దాలు పెట్టుకుని, దాని మీద భూతద్దం పెట్టి, పట్టకారుతో రాత్రి పదకొండింటికి ఆ పని చేస్తుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి "మీరు పెళ్లి కార్డులు కూడా ఇంత శ్రద్ధగా చేసి ఉంటే" అని సగంలో ఆపేసింది.

చుట్ట ఎక్కడా దొరకలేదు. పొగాకు రంగు ప్లాస్టిక్ ముక్కలు చూశాను, అన్నీ లావు. చివరికి మా అక్క కొత్త చీపురులోంచి ఒక పుల్ల విరిచి ఇచ్చింది. అయిదు మిల్లీమీటర్లు కోసి, చివర తెల్ల చుక్క పెట్టి, బొమ్మ చేతి కొక్కెంలో ఇరికించాం. చాలా బాగుంది. ఫోటోలో చుట్ట లేదు కదా అంటే మావాడు ఒప్పుకోలేదు, చుట్ట లేకపోతే చర్చిల్ అని ఎవరు గుర్తుపడతారు అన్నాడు. రెండు వరుసల ఓక్ ఆకుల కోసం నేను పడిన కష్టం చీపురు పుల్ల ముందు దిగదుడుపే.

టీచర్ మేడమ్, మీరు రాసింది వాడికి మొత్తం చదివి వినిపించాను. ఏమీ అనలేదు, ఫోన్ తీసుకుని వాళ్ల గదిలోకి పోయాడు. వాడికి కోపమొచ్చిందేమో అనుకున్నాను. మర్నాడు సాయంత్రం షాపుకొచ్చి కాగితం ఇచ్చాడు. వరండా బేస్ వెనకవైపు ప్రింట్ చేయమని తెలుగులో మూడు లైన్లు. ఇదే నెలలో బెంగాల్లో ఏం జరుగుతోందో రాశాడు, ఎంతమందో అంకె వేశాడు, చివర విశాఖ, కాకినాడ బాంబుల తేదీ కూడా పెట్టాడు. "శీతాకాలం" అనే మాటలో దీర్ఘం తప్పు రాశాడు, దిద్ది కొట్టాను. ముందు వైపు ఎందుకు వద్దురా అంటే, "ముందు అయితే చదవరు మామయ్యా, వెనక ఏదో ఉందంటే తిప్పి చూస్తారు" అన్నాడు.

సార్, మీ తలపాగా కీచైన్ రెడీ. డబ్బులొద్దు. అల్వాల్ వైపు రిటర్న్ గిఫ్టుల డెలివరీ ఉంది ఆదివారం, దాంతోపాటు పంపిస్తాను, కానీ బదులుగా ఒక ప్రశ్న. మావాడి స్కూల్లో ఇంకో సెక్షన్ టీచర్ చూసి వాళ్ల తరగతికి కూడా ఒక సెట్ అడిగారు. స్టాలిన్‌ది ఈసారి సరిగ్గా చేద్దామనుకుంటున్నాను. ఫోటోలో ఆయన భుజాల మీద పెద్ద పలకలు, ప్యాంటు పక్కన గీత కనిపిస్తున్నాయి. ఆ గీత ఒకటా, రెండా? లెగో కాలికి పక్కన నాకు మూడు మిల్లీమీటర్లే చోటుంది.